బెంగళూరులో ఈఐఆర్: వీసీ సంస్థలోనా, నిధి పథకంలోనా?

ఈఐఆర్ (ఎంట్రప్రెన్యూర్-ఇన్-రెసిడెన్స్) అంటే ఒక సంస్థ అండతో సొంత స్టార్టప్ ఐడియాకు రూపమిచ్చుకునే అవకాశం. ఉద్యోగం వదిలి, ఐడియా ఇంకా గట్టిపడనివాళ్లకు బెంగళూరులో ఇందుకు రెండు దారులున్నాయి.

వీసీ (వెంచర్ క్యాపిటల్, అంటే స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే) సంస్థలో ఈఐఆర్‌గా చేరితే సాధారణంగా 6 నుంచి 12 నెలలు జీతంలాంటిదేదో వస్తుంది. అంతకన్నా విలువైనది పరిచయాలు: వాళ్లు పెట్టుబడి పెట్టిన కంపెనీల్లోనే తొలి కస్టమర్లతో మాట్లాడొచ్చు. చిక్కంతా ఒప్పందంలోనే. ఐపీ (మేధో సంపత్తి హక్కులు) మీ పేరనే ఉండాలి. పెట్టుబడి విషయంలో ‘ముందు మాకు చూపించండి’ అంటే సరే. ‘బయటివాళ్లు ఇచ్చే ధరకి వాటా మాకే ఇవ్వాలి’ అంటే మాత్రం మిగతా ఇన్వెస్టర్లు మీ కోసం టైమ్ పెట్టరు. పిచ్ చేశాక 30 రోజుల్లో అవునో కాదో చెప్పాలని రాయించుకోండి. ఏడాది పక్కనే కూర్చున్నవాళ్లే డబ్బు పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదని బయటివాళ్లు తప్పక అడుగుతారు.

రెండోది, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) వారి నిధి-ఈఐఆర్ పథకం, ఇంక్యుబేటర్ (కొత్త స్టార్టప్‌లకు చోటు, సాయం ఇచ్చే కేంద్రం) ద్వారా వస్తుంది. నెలకు గరిష్ఠంగా 30,000 రూపాయలు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అద్దె కట్టేవాళ్లకు అది ఏ మూలకీ చాలదు, ఇల్లున్నవాళ్లకు పర్లేదు. టెక్నాలజీ కొత్తదై, ల్యాబ్ కావాల్సినవాళ్లు ఇటే రావాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు, ఒప్పందం బాగుంటే, మొదటిదే మేలు.