ఉచిత సాఫ్ట్‌వేర్‌కు 18 వేలు గుంజారు: ల్యాప్‌టాప్ కొనబోయే అంధ మిత్రులకు హెచ్చరిక

ఇప్పుడే ఆ దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ముందు అసలు సంగతి చెబుతాను. హనుమకొండలో మనవాళ్లు చాలామంది ల్యాప్‌టాప్‌లు కొనే ఆ దుకాణంలో స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పేరుతో ఒక్క రూపాయి కూడా కట్టకండి. నా దగ్గర 18,000 రూపాయలు తీసుకుని, ఎవరికైనా ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఎక్కించి ఇచ్చారు. దుకాణం పేరు రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి అక్కడ పాత ల్యాప్‌టాప్ కొన్నాను. దానితో ఏ ఇబ్బందీ లేదు. స్క్రీన్ రీడర్ దగ్గరే మోసం జరిగింది. లైసెన్సుకు 14,000, ‘తెలుగు వాయిస్’కు 4,000, ఆపైన ఏటా 5,000 కట్టి రెన్యువల్ చేయించుకోవాలట. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్ జాస్ ఎంత ఖరీదో మనందరికీ తెలుసు, శాశ్వత లైసెన్సు అమెరికాలోనే వెయ్యి డాలర్ల పైమాట. ఆ ధరలు విని ఉన్నాం కాబట్టి 18,000 అంటే అమ్మ మహిళా సంఘంలో అప్పు తెచ్చి ఇచ్చింది. మన పింఛను నెలకు 4,016 రూపాయలు. నాలుగు నెలలది కూడబెట్టినా ఆ అప్పు తీరదు.

కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మిత్రుడు, అతనూ చూపులేనివాడే, ఫోనులో ఏదో నేర్పుతూ ఇన్సర్ట్ పట్టుకుని ఎన్ నొక్కమన్నాడు. ‘ఎన్‌వీడీఏ మెనూ’ అని పలికింది. ఎంత కట్టావని అడిగాడు. చెప్పగానే అతనికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే ఎన్‌వీడీఏ ఎలా పుట్టిందో తెలియాలి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు దాన్ని రాయడం మొదలుపెట్టాడు. చూపున్నవాళ్లు కంప్యూటర్ కొంటే సరిపోతుంది, మనం మాత్రం దాన్ని వాడుకోవడానికి మళ్లీ అంత డబ్బు పోయడం ఏమిటన్నది అతని బాధ. తర్వాత జేమ్స్ టే అనే మరో చూపులేని ప్రోగ్రామర్ తోడయ్యాడు. మనలాంటివాళ్లు, మనలాంటివాళ్ల కోసమే, డబ్బు అడ్డు కాకూడదని చేసిన పని అది. తెలుగు చదివే ఈస్పీక్ అనే గొంతు కూడా దానిలోనే వస్తుంది. విడిగా అమ్మడానికి అక్కడ ఏ తెలుగు వాయిసూ లేదు. రెన్యువల్ అన్నదే లేదు. ఎక్కించి, నాలుగు మీటలు నేర్పినందుకు 500 అడిగితే సంతోషంగా ఇచ్చేవాణ్ణి, అది వాళ్ల కష్టానికి కూలి. లేని లైసెన్సును అమ్మడం మాత్రం దొంగతనమే.

ఈ ఉదయం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. ‘అన్నా, ఇది ఉచితంగా వచ్చేది కదా, లైసెన్సు ఏది?’ అని మర్యాదగానే అడిగాను. అడిగింది నేను, దుకాణదారు జవాబు చెప్పింది తమ్ముడికి. ‘మీ అన్నకు ఎవరో లేనిపోనివి ఎక్కించారు’ అన్నాడు. నేను అక్కడే, అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను. సరే, అదే చెబుతుందిలే అని ల్యాప్‌టాప్ తెరిచి ఇన్సర్ట్, ఎన్ నొక్కాను. దుకాణంలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా పేరు పలికింది. అంతే, అతను నా చేతిని కీబోర్డు మీద నుంచి తోసేసి శబ్దం ఆపేశాడు. మళ్లీ తమ్ముడితోనే, ‘చూపులేని మనిషికి ఇది మాట్లాడుతోంది, చాలదా? లైసెన్సు కాగితం ఇస్తే మాత్రం ఈయన చదువుతాడా?’ అన్నాడు.

18,000 కంటే ఆ చేయి తోసెయ్యడం ఎక్కువ బాధిస్తోంది. నా కంప్యూటర్‌లో శబ్దం ఆపడమంటే చూపున్నవాడి కళ్లకు గంతలు కట్టడమే. అది తెలిసిన మనిషి, రోజూ మనవాళ్లకు అమ్మే మనిషి, తన అబద్ధం బయటపడుతున్న క్షణంలో సరిగ్గా ఆ పనే చేశాడు. పక్కన నిలబడ్డ కొనుగోలుదారులలో ఒక్కరూ నోరు విప్పలేదు. తమ్ముడు గొడవకు దిగబోతే నేనే ఆపాను, ఎందుకంటే ‘స్క్రీన్ రీడర్ లైసెన్సు, తెలుగు వాయిస్, 18,000 ముట్టినది’ అని అతను రాసిచ్చిన చీటీ మా దగ్గరే ఉంది. కాగితం నేను చదవలేకపోవచ్చు, వినియోగదారుల కమిషన్ చదువుతుంది.

కొనబోయేవాళ్లకు రెండు మాటలు. కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న నరేటర్ మాట్లాడుతుంది, దానికీ డబ్బు అక్కర్లేదు. దాని సాయంతో, ఎన్‌వీడీఏను తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సంస్థ వెబ్‌సైటు నుంచి దాన్ని మీరే దింపుకోవచ్చు. అక్కడ విరాళం అడుగుతారు, ఇవ్వడం మీ ఇష్టం. జాసే కావాలనుకుంటే లైసెన్సు మీ పేరున తీసుకోండి, బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రేపు ఫోను చేస్తున్నాను. ఆ తర్వాత జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆ దుకాణంలో ఇలాగే ‘లైసెన్సు’ కొన్నవాళ్లు ఉంటే నాకు రాయండి, చీటీలు పారేయకండి. ఏటా రెన్యువల్ అంటూ కడుతున్నవాళ్లు ఉంటే ఈ ఏడాది కట్టకండి.