టైఫాయిడ్ టీకా: పాతదా, కాంజుగేటా?

వానలు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్ళంతా నన్నడిగేది ఇదే. పోయిన నెల మా చెల్లెలు కూడా తొమ్మిది నెలల పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "అక్కా, టైఫాయిడ్ టీకాల్లో పాతది చవకట, కాంజుగేట్ అనేది ఖరీదట. ఏది వేయించను?"

రెండింట్లోనూ అసలు సరుకు ఒకటే. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద 'వీఐ' అనే చక్కెర పూత ఉంటుంది. దాన్ని కప్పుకునే మన రక్షణ వ్యవస్థ కంట పడకుండా తిరుగుతుంది. క్రిములను పట్టుకోడానికి మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలు వచ్చి ఆ పూతనే పట్టుకుంటే ఇక దాక్కోవడం కుదరదు. పాత టీకాలో ఆ చక్కెర 25 మైక్రోగ్రాములు ఉంటుంది, అంతే. కాంజుగేట్‌లో అదే చక్కెరను ఒక ప్రోటీనుకు అతికిస్తారు.

నా లెక్కలో తేడా అంతా ఆ అతుకులోనే ఉంది. ఈ చక్కెర ఒకే రకం పూసను మళ్ళీ మళ్ళీ గుచ్చిన దండలాంటిది. దాన్ని చూసి రక్షణ వ్యవస్థలోని బి కణాలు యాంటీబాడీలు చేస్తాయి. కానీ వాటికి సాయం చేసే టి కణాలకు ఈ చక్కెర పట్టదు, వాటికి ప్రోటీను ముక్క చూపించాలి. టి కణం సాయం లేకపోతే బి కణం అప్పటికి పని చేసి ఊరుకుంటుంది, ఆ క్రిమి జ్ఞాపకం మిగలదు. రెండేళ్ళలోపు పిల్లల్లో అప్పటి పని కూడా సరిగ్గా జరగదు. అందుకే పాత టీకాను రెండేళ్ళు నిండాకే వేస్తారు, మూడేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోమంటారు.

కాంజుగేట్‌లో అయితే బి కణం చక్కెరను మింగినప్పుడు ప్రోటీను కూడా లోపలికి పోతుంది. దాని ముక్కల్ని బయటికి చూపిస్తే టి కణం వచ్చి చేయి కలుపుతుంది. జ్ఞాపక కణాలు మిగులుతాయి. ఆరు నెలల పసిపిల్లలకూ ఒక్క డోసుగా వేయొచ్చు.

కోల్‌కతా బస్తీల్లో జరిగిన పెద్ద పరీక్షలో పాత టీకా ఇచ్చిన రక్షణ 61 శాతం. హైదరాబాద్ భారత్ బయోటెక్ చేసిన కాంజుగేట్ టీకా నేపాల్, మలావీ, బంగ్లాదేశ్ పిల్లల్లో 80 శాతం దాటింది. పరీక్షలు వేర్వేరు చోట్లవి కాబట్టి అంకెల్ని పక్కపక్కన పెట్టి తూచలేం. అయినా నా మొగ్గు ఎటో దాచను. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో చాలా మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టినప్పుడు, అక్కడి పిల్లలకు వేసింది మన హైదరాబాద్‌లో తయారైన ఈ టీకానే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

పెద్దవాళ్ళకు, డబ్బు ఇబ్బంది ఉంటే పాత టీకా వేయించుకున్నా అసలు లేనిదానికంటే నయమే. నోటి ద్వారా వేసుకునే క్యాప్సూల్స్ కూడా ఉండేవి, అవి ఆరేళ్ళు దాటినవాళ్ళకే, మూడు నాలుగు డోసులు మింగాల్సి వచ్చేది. పారాటైఫాయిడ్ 'ఏ' బ్యాక్టీరియాకు ఈ చక్కెర పూతే ఉండదు, కాబట్టి వీఐ టీకా ఏదైనా దాన్ని ఆపలేదు. నీళ్ళు కాచుకోవడం మానొద్దు.

మా మేనల్లుడికి తట్టు టీకా రోజునే కాంజుగేట్ వేయించాం. కార్డులో నర్సమ్మ 'టైఫాయిడ్' అని మాత్రమే రాసింది. మా చెల్లెలు అడిగి పక్కన 'కాంజుగేట్' అని రాయించుకుంది. రేపు వేరే డాక్టరు మూడేళ్ళకు మళ్ళీ వేయాలా వద్దా అని చూసేటప్పుడు ఆ ఒక్క మాటే ఆధారం.