బీజింగ్‌లో అదృష్టం ధర 1,280 యువాన్లు

బీజింగ్‌లో రోజు టూరు మరీ చౌకగా దొరికిందంటే, దారిలో ఎక్కడో ముత్యాల దుకాణం కాచుకుని ఉందనే లెక్క. మహాకుడ్యం, కారు, భోజనం కలిపి మనిషికి 260 యువాన్లే అన్నారు (యువాన్ సుమారు 12 రూపాయలు). గోడ దగ్గర గంటన్నర వదిలారు. ‘ముత్యాల ప్రదర్శనశాల’లో మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టారు.

తంతు రక్తి కట్టించారనే చెప్పాలి. తొట్టిలోంచి ఆల్చిప్ప తీసి, లోపల ముత్యాలెన్నో చెప్పమంది అమ్మకాల అమ్మాయి. మా అత్తగారు రెండన్నారు. తెరిస్తే ఇరవై పైచిలుకు! మంచినీటి ఆల్చిప్పలో ఒకేసారి పదుల కొద్దీ పెంచుతారు, అందుకే అవి చౌక. ఆ ముక్క ఆ అమ్మాయి చెప్పలేదు. ముత్యాన్ని కత్తితో గీకి, రాలిన పొడి చూపించి అసలుదని నిరూపించింది. అసలుదే, కాదన్నదెవరు? నకిలీ అంతా ధరలోనే. ఒంటిపేట దండ 1,280 యువాన్లు! చైనా బొమ్మల్లో డ్రాగన్ వెంటపడే ముత్యం ఇదేనట, ఇంట్లో ఉంటే సిరిసంపదలకు లోటుండదట. మేం లేచేసరికి 600, గుమ్మం దాటేసరికి 350.

అత్తగారు హైదరాబాద్ ముత్యాల బజారు పత్తర్‌గట్టీలో బేరాలాడిన మనిషి. “అక్కడ అమ్మేదీ చాలావరకు వీళ్ల సరుకే బాబూ, పద” అన్నారు. గైడు సాయంత్రం దాకా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. చిన్న ఉంగరమైనా కొనివ్వలేదని మా ఆవిడా అంతే.

ఇలాంటి అత్యాశపరుల గురించి చైనాలోనే ఓ పాత కథ ఉంది. దక్షిణాన హెపు తీరంలో అధికారులు దురాశతో ముత్యాలన్నీ తోడించేస్తే, ఆల్చిప్పలు పొరుగు సముద్రానికి వలసపోయాయట. హాన్ వంశ కాలంలో మెంగ్ చాంగ్ అనే నిజాయితీపరుడైన అధికారి వచ్చి ఆ దోపిడీ ఆపాకే తిరిగొచ్చాయట. ఆ దుకాణానికి ఆయన్ని పంపాలి.

ముత్యం మహిమ చూడాలంటే చక్రవర్తుల పాత కోట, నిషిద్ధ నగరానికి వెళ్లండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా టికెట్ 60, ఖజానా ప్రదర్శనకు మరో 10. ఆ పదికి వెనకాడితే 1772 నాటి తొమ్మిది డ్రాగన్ల గోడ చూడలేరు. మంటలు చిమ్మే ముత్యాల కోసం అలల మీద డ్రాగన్లు ఒళ్లు మెలితిప్పుకుంటూ ఉంటాయి. ఆ ముత్యం చంద్రుడని కొందరు, ఉరుమని కొందరు, జ్ఞానమని ఇంకొందరు అంటారు. తెల్ల డ్రాగన్ పొట్టలో ఓ ముక్క చెక్కది. పలక పగిలితే పనివాడు రాత్రికి రాత్రే చెక్కి అతికించాడంటారు. చింగ్ వంశ చక్రవర్తుల దర్బారు దండలకు 108 పూసలు. వాటిలో మంచూరియా నదుల ముత్యాలతో చేసినవి చక్రవర్తి, పట్టమహిషి, రాజమాత మాత్రమే ధరించాలి. “జపమాలే కదా!” అన్నారు అత్తగారు. నిజమే, అవి బౌద్ధుల జపమాల నుంచే వచ్చాయి. సోమవారాలు సాధారణంగా సెలవు, పాస్‌పోర్టు నంబరుతో ముందే టికెట్ తీసుకోవాలి.



చివరి రోజు స్వర్గాలయం (టెంపుల్ ఆఫ్ హెవెన్) తూర్పు ద్వారం దగ్గరి హోంగ్‌చియావ్ బజారుకు వెళ్లాం. అదే రకం దండ 160కి ఇచ్చారు. అదృష్టం ఊసే లేదు, కాలిక్యులేటర్ చేతికిచ్చారు. మా ఆవిడ ముఖం విప్పారింది. 120కే ఇచ్చేవాడని అత్తగారు విమానం ఎక్కేదాకా సాధిస్తూనే ఉన్నారు.