నీటి అంచునా, మంచె మీదా?

చిత్తడి నేలల్లో పక్షులను ఫొటో తీసే ఔత్సాహికుడు నీటి అంచున బోర్లా పడుకోవచ్చు, లేదా పరిశీలన మంచె ఎక్కవచ్చు. కెమెరా పక్షి కంటి మట్టానికి దిగినప్పుడు వెనక కనిపించే రెల్లు బాగా దూరంలో ఉండి మసకబారుతుంది కనుక, పక్షుల ఫొటోలకు మరీ పెద్దది కాని 400 మి.మీ. లెన్సుతో కూడా పక్షి ఒక్కటే స్పష్టంగా నిలుస్తుంది. మంచె మీది నుంచి తీస్తే అదే పక్షి తరచుగా బురద రంగులో కలిసిపోతుంది. అయితే ఎండ ముదిరాక నేలను అంటి కదలాడే వేడిగాలి చిత్రం పదునును చెడగొడుతుంది, దాన్ని ఎంత ఖరీదైన లెన్సూ సరిదిద్దలేదు. గుంపు మొత్తాన్నీ, నీటిపాయల అల్లికనూ చూపాలంటే మాత్రం మంచెకు సాటి లేదు. తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి కాబట్టి గూళ్ల కాలంలో నేను మంచెనే ఎంచుకుంటాను. మిగతా రోజుల్లో, బట్టలు బురదపాలైనా సరే, తెల్లవారుజామున నీటి అంచుకే నా ఓటు.