నోటితో ఒకటి, ఓటుతో ఒకటి: కాంగ్రెస్ డాట్ గవ్ రివ్యూ

కాంగ్రెస్ డాట్ గవ్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, యాడ్‌లు లేవు, చూడ్డానికి లాగిన్ కూడా అడగదు. అమెరికా కాంగ్రెస్‌లో, అంటే కింది సభ హౌస్‌లో, పై సభ సెనేట్‌లో ప్రవేశపెట్టిన ప్రతి బిల్లూ, అది ఏ రోజు ఏ గడప దాటిందీ ఇందులో ఉంటాయి. నడిపేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. 1995 నుంచి థామస్ అనే పాత సైట్ ఉండేది. 2012లో ఇది మొదలయ్యాక దాన్ని మెల్లగా మూసేశారు.

నేను న్యూజెర్సీలో మనవాళ్లకి టాక్స్ రిటర్నులు చేస్తాను. సీజన్‌లో క్లయింట్లు డబ్ల్యూ-టూతో (జీతం వివరాల ఫారం) పాటు రాజకీయం కూడా మోసుకొస్తారు. "అక్కా, మావాళ్లు పన్ను తగ్గించారు కదా" అని ఒకరు, "అప్పంతా ఆ పార్టీ వాళ్లు చేసిందే" అని ఇంకొకరు. నాకూ అభిప్రాయాలున్నాయి. కానీ రిటర్న్ మీద సంతకం పెట్టేదాన్ని కాబట్టి ఎవరేమన్నా ముందు కాగితం చూపించమంటాను. ఖర్చులూ పన్నుల విషయంలో నాయకుల మాటలకి కాగితం దొరికే చోటు ఈ సైటే.

వాడటం తేలిక. బిల్లు నంబర్ తెలిస్తే సరే, తెలియకపోతే పేరుతో వెతకొచ్చు. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. నంబర్లు ప్రతి రెండేళ్లకీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. అందుకే హెచ్‌ఆర్ 1 (హౌస్‌లో మొదలైన ఒకటో నంబర్ బిల్లు) అని కొడితే 2017 పన్నుల చట్టమూ వస్తుంది, 2025 పన్నుల చట్టమూ వస్తుంది. ఎన్నో కాంగ్రెస్ (ప్రతి రెండేళ్ల సభకీ ఒక వరస సంఖ్య) అన్నది పక్కన ఎంచుకోవాలి. బిల్లు పేజీ తెరిచాక సమ్మరీ దగ్గర ఆగిపోకండి, యాక్షన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. 'రోల్ నంబర్' అని కనిపించిన చోట నొక్కితే ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో సహా వస్తుంది. అసలు సినిమా అక్కడే ఉంది.

మొదట మా రాష్ట్రానికి సంబంధించినదాంతో పరీక్షించాను. శాండీ తుఫాను 2012 అక్టోబర్‌లో న్యూజెర్సీ తీరాన్ని ఊడ్చేసింది. దాని సాయం బిల్లు హెచ్‌ఆర్ 152. 2013 జనవరి 15న హౌస్‌లో 241-180తో, 28న సెనేట్‌లో 62-36తో గట్టెక్కింది. కాదన్న ఆ 36 మందిలో టెక్సస్ రిపబ్లికన్ సెనేటర్లు టెడ్ క్రూజ్, జాన్ కార్నిన్ ఇద్దరూ ఉన్నారు. తర్వాత 2017లో హార్వీ తుఫాను టెక్సస్‌ని ముంచింది. అప్పటి సాయం హెచ్‌ఆర్ 601, పదిహేను బిలియన్ డాలర్ల పైమాటే. ఇద్దరూ అవునన్నారు. శాండీ బిల్లులో తుఫానుతో సంబంధం లేని ఖర్చులు ఇరికించారనీ, అందుకే వద్దన్నాననీ క్రూజ్ వాదన. సరే, హార్వీ సాయం ఏ బిల్లులో ఉందో చూద్దాం. యాక్షన్స్ ట్యాబ్ పక్కనే టెక్స్ట్ ట్యాబ్ ఉంది. అదే బిల్లులో అప్పు పరిమితిని, అంటే ప్రభుత్వం ఎంతవరకు అప్పు చేయొచ్చన్న హద్దుని, కొన్నాళ్లు పక్కన పెట్టడమూ ఉంది, ప్రభుత్వ ఖర్చుల కొనసాగింపూ ఉంది. తుఫానుకీ అప్పు పరిమితికీ ఏం సంబంధమో ఆయన్నే అడగాలి.

ఇలాంటివి ఒక పార్టీ సొత్తు కాదని అప్పు పరిమితి ఓట్లు వరసగా చూస్తే తెలిసిపోతుంది. ఈ సైట్లో నాకు బాగా నచ్చిన కాలక్షేపం ఇదే. 2006 మార్చి 16, సెనేట్‌లో హెచ్‌జె రిజల్యూషన్ 47 అనే తీర్మానం. పరిమితి పెంపు 52-48తో నెగ్గింది. కాదన్నవాళ్లలో అప్పటి డెమొక్రాట్ సెనేటర్లు బరాక్ ఒబామా, జో బైడెన్ ఉన్నారు, అవునన్నవాళ్లలో రిపబ్లికన్ సెనేటర్ మిచ్ మెకానెల్ ఉన్నారు. తర్వాత కాదన్న ఆ ఇద్దరూ అధ్యక్షులయ్యారు, పరిమితి పెంచమని కాంగ్రెస్‌ని బతిమాలాల్సిన వంతు వాళ్లకే వచ్చింది. ఒబామా 2011లో ఆ పాత ఓటు తప్పేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్లు నాకు తెలిసి తక్కువ.

ఇక 2021 డిసెంబర్‌లో జరిగింది చూస్తే టాక్స్ ప్లానింగ్ చేసే మాలాంటివాళ్లకే అసూయ పుడుతుంది. పరిమితి పెంచకపోతే దేశం అప్పు ఎగ్గొట్టినట్టవుతుంది, పెంచడానికి ఓటేస్తే రిపబ్లికన్లకి ఊళ్లో తలనొప్పి. అందుకని ముందు ఒక బిల్లు తెచ్చారు. పేరు మెడికేర్‌దీ రైతులదీ, నంబర్ ఎస్ 610. ఈ ఒక్కసారికి సెనేట్‌లో 60 ఓట్లు అక్కర్లేకుండా మామూలు మెజారిటీతో పరిమితి పెంచుకోవచ్చని అందులో రాశారు. దాన్ని ముందుకి జరపడానికి మెకానెల్‌తో సహా 14 మంది రిపబ్లికన్లు అవునన్నారు. కొద్ది రోజులకి అసలు పెంపు వచ్చింది, రెండున్నర ట్రిలియన్ డాలర్లు. 50-49. ఈసారి సెనేట్ రిపబ్లికన్లలో ఒక్కరూ అవుననలేదు. తలుపు తీసింది వాళ్లే, లోపలికి వెళ్లినవాళ్లని తిట్టిందీ వాళ్లే. ఈ రెండు ఓట్లూ రెండు వేర్వేరు పేజీల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టుకుంటేనే కథ అర్థమవుతుంది, సైట్ మాత్రం పెట్టి చూపించదు. ఐదో మార్కు కోసింది ఇందుకే.

అసలు ఓటే లేకుండా దాటించిన సందర్భాలు కూడా ఉన్నాయి. పైన చెప్పిన 2006 తీర్మానానికి హౌస్‌లో విడిగా ఓటు జరగలేదు. గెప్‌హార్ట్ రూల్ అని ఒకటుంది. బడ్జెట్ తీర్మానం ఆమోదిస్తే చాలు, దానికి తగ్గట్టు అప్పు పరిమితి పెంపు కూడా హౌస్ ఆమోదించినట్టే లెక్క. 1979లో తెచ్చారు, ఆ తర్వాత అవసరాన్ని బట్టి తీసేస్తూ, మళ్లీ పెడుతూ వచ్చారు. ఖర్చుకి అవునని, అప్పుకి నా చెయ్యి తగల్లేదని చెప్పుకునే సౌకర్యం అన్నమాట. వాయిస్ వోట్‌తో (అందరూ కలిసి నోటితో అవును, కాదు అనడం) అయిపోయినవీ అంతే, పేర్లుండవు. అక్కడ సైట్ చేయగలిగిందీ లేదు.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరి విషయం. 2017 పన్నుల చట్టంలో వ్యక్తుల పన్ను తగ్గింపుల్లో చాలావాటికి 2025 చివర గడువు పెట్టారు. దయ తలిచి కాదు. మామూలు మెజారిటీతో నెగ్గించుకునే దారిలో వెళ్లాలంటే పదేళ్ల తర్వాత లోటు పెరగకూడదని సెనేట్ నియమం. గడువు పెడితే ఖర్చు కాగితం మీద తక్కువ కనిపిస్తుంది. ఎనిమిదేళ్లు తిరిగి 2025లో అవే తగ్గింపులు శాశ్వతం చేయాల్సి వచ్చినప్పుడు సెనేట్ రిపబ్లికన్లు 'కరెంట్ పాలసీ' అనే లెక్క పట్టుకున్నారు. ఇప్పుడు ఎలాగూ అమల్లో ఉన్నాయి కాబట్టి కొనసాగిస్తే కొత్త ఖర్చేమీ లేనట్టే అని. పెళ్లికి ఎరువు తెచ్చుకున్న హారం ఏడాదిపాటు మెడలో ఉంచుకుని, నా దగ్గరే ఉంది కదా, ఇంక దీనికి డబ్బేమిటి అన్నట్టుంది. మామూలు లెక్కలో ఆ 2025 చట్టం పదేళ్లలో లోటుని 3.4 ట్రిలియన్ డాలర్లు పెంచుతుందని కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ అంచనా. అందులోనే అప్పు పరిమితి కూడా ఐదు ట్రిలియన్లు పెంచారు. ఈ ఆఫీసు 1974 చట్టంతో కాంగ్రెస్ తన కోసం తానే పెట్టుకున్నది. దాని అంచనాల లింకులు బిల్లు పేజీలోనే దొరుకుతాయి, తప్పకుండా తెరవండి. నాయకుడి ప్రసంగం పక్కన ఆ పీడీఎఫ్ పెట్టుకుని చదివితే బీపీ పెరుగుతుంది, కానీ బుర్రకి మంచిది.

సాల్ట్ సంగతి చెప్పకుండా న్యూజెర్సీవాళ్లు నన్ను వదలరు. సాల్ట్, అంటే రాష్ట్ర, స్థానిక పన్నులని ఆదాయంలోంచి తీసేసి చూపే డిడక్షన్‌కి 10,000 డాలర్ల పరిమితి పెట్టింది ఆ 2017 చట్టమే. మా రాష్ట్ర రిపబ్లికన్ ప్రతినిధులు అప్పుడు ఐదుగురు. నలుగురు కాదన్నారు, టామ్ మెకార్థర్ ఒక్కరే అవునన్నారు. తర్వాతి ఎన్నికలో ఆయన ఓడిపోయారు. డెమొక్రాట్లు ఏం చేశారంటారా? ధనవంతులు తమ వంతు పన్ను కట్టాలని ఊరూరా చెప్పినవాళ్లే 2021 నవంబర్‌లో హౌస్‌లో నెగ్గించిన బిల్లులో ఆ పరిమితిని 80,000కి పెంచారు. దాని లాభం ఎక్కువగా ఎవరికి పోతుందో నన్నడగండి, నేను చేసే రిటర్నుల్లో కనిపిస్తూనే ఉంటుంది. స్టాండర్డ్ డిడక్షన్ (విడివిడి లెక్కలు చూపకుండా తీసుకునే స్థిరమైన మొత్తం) తీసుకునే కుటుంబానికి అందులో ఒక్క డాలరూ రాదు. ఆ పార్టీలో కాదన్నది ఒక్కరు, మెయిన్ రాష్ట్రపు జారెడ్ గోల్డెన్. సాల్ట్ పెంపు మీద ఆయన బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. ఆ సాల్ట్ పెంపు సెనేట్ దాటలేదు. చివరికి 40,000 చేసింది 2025లో రిపబ్లికన్లే, అదీ ఖర్చు తగ్గించాలని రోజూ చెప్పిన సభలోనే. నా క్లయింట్లు సంతోషించారు. నేనూ సంతోషించాను, నా ఇంటి పన్ను కూడా అందులోకే వస్తుంది మరి.

తోడుగా యూఎస్‌ఏస్పెండింగ్ డాట్ గవ్ కూడా తెరిచి పెట్టుకోండి. ప్రభుత్వం ఎవరికి ఎంత గ్రాంటు, ఎంత కాంట్రాక్టు ఇచ్చిందో నియోజకవర్గం వారీగా చూడొచ్చు. దీన్ని పుట్టించిన 2006 చట్టం తెచ్చింది ఇద్దరు: రిపబ్లికన్ టామ్ కోబర్న్, డెమొక్రాట్ ఒబామా. 2021 మౌలిక వసతుల చట్టాన్ని ఈ రెండు సైట్లతో కలిపి చూస్తే సరదాగా ఉంటుంది. హౌస్‌లో 228-206, రిపబ్లికన్లలో అవునన్నది 13 మంది. సెనేట్‌లో అలబామా టామీ టూబర్‌విల్ కాదన్నారు. 2023లో అదే చట్టం కింద అలబామాకి బ్రాడ్‌బ్యాండ్ నిధులు వచ్చినప్పుడు మాత్రం ట్విట్టర్‌లో ఆనందం పంచుకున్నారు. కాకపోతే యూఎస్‌ఏస్పెండింగ్ మొదటి చేతి దాకానే బాగా చూపిస్తుంది. ఆ చేతి నుంచి సబ్ కాంట్రాక్టరుకి ఎంత పోయిందన్నది అంత నమ్మకంగా ఉండదు.

హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లు మనకి ఓటు లేదుగా, ఎందుకీ గోల అంటారు. పన్ను ఉందిగా. వారాంతంలో పార్టీల కోసం స్నేహాలు చెడగొట్టుకునే బదులు రోల్ కాల్ (ఎవరు ఎలా ఓటేశారన్న పేర్ల జాబితా) లింక్ పంపండి, గొడవ త్వరగా అయిపోతుంది. పాత ఓట్లకీ ఒక హద్దు ఉంది. హౌస్ పేర్ల జాబితాలు 1990 నుంచి, సెనేట్‌వి 1989 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో ఆ జాబితాలు చదవడం కష్టం, ల్యాప్‌టాప్ తీసుకోండి.

ఉచిత అకౌంట్ తెరిస్తే అలర్ట్‌లు కూడా పెట్టుకోవచ్చు. ఫలానా బిల్లు కదిలినా, మీ ప్రతినిధి కొత్త బిల్లు పెట్టినా ఈమెయిల్ వస్తుంది. సాల్ట్ పరిమితి 2030లో మళ్లీ పది వేలకి పడిపోవాలని చట్టంలో రాసి ఉంది. పడనిస్తారని నేను అనుకోను. ఆ వెతుకులాటని సేవ్ చేసి అలర్ట్ పెట్టేశాను.