ఎస్‌ఎస్‌హెచ్ కీ: ఆర్‌ఎస్‌ఏనా, ఈడీ25519నా?

నెట్‌వర్క్ మీదుగా మరొక కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్. దానితో పాస్‌వర్డ్ అడగకుండా ప్రవేశించాలంటే, ప్రైవేట్ కీని మన యంత్రంలోనే ఉంచుకుని, దాని జంట అయిన పబ్లిక్ కీని సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేర్చాలి. ఆ జంటను ఆర్‌ఎస్‌ఏ అనే పాత కీ పద్ధతితో చేస్తే పాత రౌటర్లు, స్విచ్‌లు సైతం గుర్తిస్తాయి. అయితే ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత హ్యాష్ పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను (ప్రైవేట్ కీ మన దగ్గరుందని రుజువు చేసేవి) ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2021లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా నిరాకరిస్తున్నారు కనుక, మరీ పాత పరికరాలతో అక్కడే చిక్కు వస్తుంది. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.5తో వచ్చిన మరో కీ పద్ధతి ఈడీ25519లో పబ్లిక్ కీ 256 బిట్లే. 3072 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కంటే ఎంతో చిన్నదైనా భద్రతలో తీసిపోదు, సంతకమూ వేగంగా జరుగుతుంది. కొత్తగా ఏర్పాటు చేసుకునేవారు దీనినే ఎంచుకోవాలని, ఆర్‌ఎస్‌ఏను దీనిని ఎరగని పరికరాలకే పరిమితం చేయాలని నా గట్టి అభిప్రాయం. ఏదైనా సరే, ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ (ఆ కీ ఫైలును కాపాడే రహస్య పదబంధం) తప్పక పెట్టాలి. దానిని ప్రతిసారీ టైపు చేసే పనిని తెరిచిన కీని మెమరీలో ఉంచుకునే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్ తప్పిస్తుంది.