స్పీడ్వినో బోర్డు, ట్యూనర్ స్టూడియో: ఇంజిన్ ట్యూనింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ జత ఎంతవరకు పనికొస్తుంది

కారు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ నేర్చుకోవాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. కంపెనీ ఈసీయూలో ఉన్న ఫైలుని ఓబీడీ పోర్టు ద్వారా తీసి, మార్చి, మళ్ళీ ఎక్కించడం ఒకటి. ఆ పెట్టెని పక్కనపెట్టి, అన్నీ మనమే నింపుకోవాల్సిన ఈసీయూ బిగించడం రెండోది. మొదటి దారిలో ఇంజిన్ అప్పటికే నడుస్తుంటుంది కాబట్టి సులువనిపిస్తుంది, కానీ ఏ టేబుల్ (అంకెల పట్టిక) దేనికుందో తెలియకుండానే అంకెలు మార్చేసే ప్రమాదం అక్కడే ఎక్కువ. రెండో దారిలో క్రాంక్ చక్రానికి (ఇంజిన్ షాఫ్టు ఏ స్థానంలో ఉందో సెన్సర్‌కి తెలిపే పళ్ళ చక్రం) ఎన్ని పళ్ళున్నాయో చెప్పకపోతే ఇంజిన్ స్టార్టే కాదు. నేర్చుకోవడానికి అదే మేలు.

రెండో దారిలో తక్కువ ఖర్చుతో దొరికే జత ఇది. స్పీడ్వినో ఆస్ట్రేలియాలో జోష్ స్టూవర్ట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఈసీయూ. ఆర్డ్వినో మెగా 2560 మీద నడుస్తుంది. బాగా వాడుకలో ఉన్న 0.4 రకం బోర్డులో 4 ఇంజెక్టర్ ఛానెళ్ళు, 4 ఇగ్నిషన్ ఛానెళ్ళు ఉంటాయి. దాన్ని ల్యాప్‌టాప్ నుంచి సెట్ చేసే సాఫ్ట్‌వేర్ ట్యూనర్ స్టూడియో, ఈఎఫ్ఐ అనలిటిక్స్ వాళ్ళది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. ఉచిత వెర్షన్‌తో ఇంజిన్ స్టార్ట్ చేసి, టేబుళ్ళు నింపి, లాగ్ తీసుకోవచ్చు. వీఈ టేబుల్‌ని (సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందో చెప్పే పట్టిక, పెట్రోలు లెక్కకి ఆధారం ఇదే) తనంతట తాను దిద్దే ఆటోట్యూన్ కావాలంటే మాత్రం డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి.

మొదటి నెల బోర్డుని కారు దగ్గరికి తీసుకెళ్ళకండి. బల్ల మీద పెట్టండి. ఇంకో ఆర్డ్వినో ఊనో లేదా నానో కొని అందులో ఆర్డ్యుస్టిమ్ అనే ప్రోగ్రాం ఎక్కిస్తే, అది 36-1 (36 పళ్ళ చోట్లలో ఒకటి లేనిది), 60-2 లాంటి క్రాంక్ చక్రాల సిగ్నల్‌ని పుట్టిస్తుంది. దాని అవుట్‌పుట్ వైరు స్పీడ్వినో క్రాంక్ ఇన్‌పుట్‌కి, రెండు బోర్డుల ఎర్త్‌లూ ఒకదానికొకటి. ఎర్త్ కలపడం మరిచిపోతే ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉండిపోతుంది, లేదా పిచ్చిగా ఎగురుతుంది. థ్రాటిల్ సెన్సర్ బదులు 10కే పొటెన్షియోమీటర్: ఒక చివర 5 వోల్ట్‌లు, రెండో చివర ఎర్త్, మధ్య కాలు సిగ్నల్‌కి. కూలెంట్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్లకు ఇలా మూడు కాళ్ళూ కలపొద్దు. ఆ ఇన్‌పుట్లకి బోర్డులోనే 2.49 కిలో ఓమ్‌ల పుల్‌అప్ (5 వోల్ట్‌లకి కలిపిన రెసిస్టర్) ఉంది, కాబట్టి సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు కాళ్ళు కలిపితే సరిపోతుంది.

మ్యాప్ సెన్సర్‌ని (మ్యానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో, ఒత్తిడిని కొలిచేది) పరీక్షించడానికి మందుల షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజి చాలు. బోర్డు మీదున్న సెన్సర్ ముక్కుకి చిన్న గొట్టం తగిలించి, రెండో చివర సిరంజి పెట్టి మెల్లగా వెనక్కి లాగండి. తెర మీద ముల్లు 95 కేపీఏ (కిలోపాస్కల్, ఒత్తిడి కొలత) నుంచి 70కి, 50కి, 40కి దిగుతుంది. అప్పుడే ఆర్డ్యుస్టిమ్‌లో ఆర్‌పీఎం పెంచితే వీఈ టేబుల్ మీద చిన్న గుర్తు ఒక గడి నుంచి ఇంకో గడికి జారుతుంది. నిలువున మ్యానిఫోల్డ్ ఒత్తిడి, అడ్డంగా ఆర్‌పీఎం, మొత్తం 16 వరసలు, 16 నిలువులు. ఇంజిన్ ఏ క్షణంలో ఏ గడిలో ఉంటుందో, పక్క నాలుగు గడుల మధ్య అంకె ఎలా లెక్కకడుతుందో ఈ సిరంజితో పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఎన్ని వీడియోలు చూసినా రాని పట్టు ఇది.

ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మ్యాప్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడిని చూపించాలి. విశాఖలోనో మచిలీపట్నంలోనో అయితే 100 కేపీఏ పైచిలుకు, హైదరాబాద్ ఎత్తులో సుమారు 95. హైదరాబాద్‌లో 101 చూపిస్తోందంటే సెన్సర్ కాలిబ్రేషన్ తప్పుగా ఎంచుకున్నారన్నమాట. టర్బో లేని కారుని హైదరాబాద్‌లో ఎంత తొక్కినా 100 కేపీఏ వరసలోకి చేరదు. ఆ వరసని ట్యూన్ చేయకుండా వదిలేసి అదే కారులో విజయవాడ దిగితే, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఎవరూ దిద్దని గడుల్లో నడుస్తుంది. 90 వరసలో వచ్చిన అంకెల వాలు చూసి పై వరసని చేత్తో నింపి, కొంచెం రిచ్‌గానే (పెట్రోలు ఎక్కువగానే) ఉంచండి.

ఉష్ణోగ్రత సెన్సర్ల విషయంలో జాబితాలోంచి ఏదో ఒక పేరు ఎంచుకుని ఊరుకోవద్దు. మల్టీమీటర్‌తో మూడు చోట్ల రెసిస్టెన్స్ కొలిచి ఎక్కించండి: ఐసు ముక్కలు కరుగుతున్న నీళ్ళలో, గది ఉష్ణోగ్రతలో, మరుగుతున్న నీళ్ళలో. హైదరాబాద్‌లో నీళ్ళు 100 దగ్గర కాదు, సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆ అంకే రాయండి.

తర్వాత రిక్వైర్డ్ ఫ్యూయల్, అంటే సిలిండర్ పూర్తిగా గాలితో నిండితే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో. ట్యూనర్ స్టూడియోలో దానికి క్యాలిక్యులేటర్ ఉంది, కానీ ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడటం మంచిది. 1298 సీసీ, 4 సిలిండర్ల మారుతి ఇంజిన్ అనుకుందాం. సిలిండర్‌కి 324.5 సీసీ. అంత గాలి బరువు సుమారు 0.383 గ్రాములు. 14.7తో (మామూలు పెట్రోలు ఒక గ్రాము కాలడానికి కావాల్సిన గాలి గ్రాములు) భాగిస్తే 0.026 గ్రాముల పెట్రోలు. ఇంజెక్టర్ నిమిషానికి 200 సీసీ వదిలేదైతే సెకనుకి 2.4 గ్రాములు, అంటే ఇంజెక్టర్ 10.9 మిల్లీసెకండ్లు తెరుచుకోవాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక పూర్తి సైకిల్‌కి 20 మిల్లీసెకండ్లు ఉంటాయి కాబట్టి ఇంజెక్టర్ సగం కంటే కాస్త ఎక్కువ సమయం తెరిచి ఉంటుంది, ఇబ్బంది లేదు. ఇంజెక్టర్ ఎంత వదులుతుందో తెలియకుండా ఊహించి రాస్తే ఆ తప్పు మొత్తం వీఈ టేబుల్‌లోకి పాకుతుంది.

ఇంజెక్టర్ రెసిస్టెన్స్ కూడా కొలవండి. 10 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటే బోర్డుకి నేరుగా కలపొచ్చు. 2, 3 ఓమ్‌లు చూపిస్తే సిరీస్ రెసిస్టర్లు లేకుండా కలపకూడదు, బోర్డులో ఇంజెక్టర్లని నడిపే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

ఈ బోర్డుతో కొత్తవాళ్ళు ఎక్కువగా కాల్చుకునేది మాత్రం ఇగ్నిషన్ కాయిళ్ళని. స్పీడ్వినో ఇగ్నిషన్ అవుట్‌పుట్ సిగ్నల్ మాత్రమే ఇస్తుంది, కాయిల్‌ని నడిపే బలం దానికి లేదు. లోపలే ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని వదిలి ఆపే స్విచ్చు) ఉన్న కాయిల్ కావాలి, లేదా బయట విడిగా ఇగ్నైటర్ పెట్టాలి. సెట్టింగ్స్‌లో స్పార్క్ అవుట్‌పుట్ 'గోయింగ్ లో', 'గోయింగ్ హై' అని రెండు ఉంటాయి. దాదాపు అన్ని కార్లకూ 'గోయింగ్ లో' సరైనది: సిగ్నల్ పైకెళ్ళినప్పుడు కాయిల్ ఛార్జ్ అవుతుంది, కిందికి పడినప్పుడు నిప్పురవ్వ. తిరగేసి పెడితే కాయిల్‌కి ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉంటుంది, ఇంజిన్ ఆగి ఉన్నా సరే. చేత్తో ముట్టుకుంటే చురుక్కుమంటుంది, ఇంకాసేపు వదిలితే పోతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ మొదటి నిమిషంలో కాయిల్ మీద చెయ్యి వేసి చూడటం అలవాటు చేసుకోండి. డ్వెల్ (నిప్పురవ్వకి ముందు కాయిల్ ఛార్జ్ అయ్యే సమయం) చాలా కాయిళ్ళకి నడుస్తున్నప్పుడు 3 మిల్లీసెకండ్ల దగ్గర ఉంటుంది. మీ కాయిల్ డేటా దొరికితే దాన్నే నమ్మండి.

కారులో బిగించాక మొదటి పని ట్రిగర్ యాంగిల్ (క్రాంక్ చక్రంలో లేని పన్నుకీ ఒకటో పిస్టన్ పై చివరకీ మధ్య కోణం) సరిచూడటం. ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేయండి. ఇగ్నిషన్ సెట్టింగ్స్‌లో టైమింగ్‌ని, అంటే నిప్పురవ్వ పడే కోణాన్ని, 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేయండి. ఒకటో సిలిండర్ వైరుకి టైమింగ్ లైట్ తగిలించి సెల్ఫ్ కొట్టించండి. పుల్లీ మీద సుద్దముక్కతో దిద్దిన గీత 10 దగ్గర నిలబడే వరకు ట్రిగర్ యాంగిల్ మార్చండి. ఫ్యూజు మళ్ళీ పెట్టండి. ఇంజిన్ స్టార్టయ్యాక ఫిక్స్‌డ్‌లోనే ఉంచి 3000 ఆర్‌పీఎంకి పెంచి మళ్ళీ చూడండి. గీత కదలకపోతే అప్పుడు ఫిక్స్‌డ్ తీసేయొచ్చు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ గీత జారుతోందంటే, వీఆర్ రకం పికప్ (అయస్కాంతం, తీగచుట్ట ఉన్న క్రాంక్ సెన్సర్) ఉన్న ఇంజిన్లలో ముందు అనుమానించాల్సింది పికప్ రెండు వైర్లు తారుమారయ్యాయేమోనని. ట్యూనర్ స్టూడియోలో టూత్ లాగర్ (పళ్ళ మధ్య సమయాల గ్రాఫ్) తెరిస్తే సంగతి తేలిపోతుంది. పళ్ళన్నీ ఒకే ఎత్తు గీతలుగా వచ్చి, లేని పన్ను చోట ఒక్కటే పొడవాటి గీత లేచి, మళ్ళీ సమంగా సాగాలి. పొడవాటి గీతకి అటూఇటూ గీతలు వంకరగా ఉంటే వైర్లు మార్చి చూడండి. వీఆర్ పికప్‌కి బోర్డులో సిగ్నల్ కండిషనర్ చిన్న బోర్డు విడిగా గుచ్చుకోవాలి, హాల్ సెన్సర్‌కి (డిజిటల్ సిగ్నల్ ఇచ్చే రకం) అక్కర్లేదు కానీ జంపర్లు మార్చాలి.

ట్రిగర్ యాంగిల్ తప్పుగా ఉంటే స్పార్క్ టేబుల్‌లో 12 అని రాసి ఉన్నా ఇంజిన్‌కి అందేది 20 కావచ్చు, 4 కావచ్చు. అదే తప్పుతో వీఈ టేబుల్ నెలరోజులు దిద్దినా అదంతా వృథా శ్రమే.

వీఈ టేబుల్ దిద్దడానికి వైడ్‌బ్యాండ్ (గాలి, పెట్రోలు పాళ్ళు ఎంతో కొలిచే ఆక్సిజన్ సెన్సర్) తప్పనిసరి. కారుతో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ పనికిరాదు, అది రిచ్చో లీనో (పెట్రోలు తక్కువో) చెబుతుంది, ఎంతో చెప్పదు. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో వచ్చే కంట్రోలర్ ఏదైనా తీసుకోవచ్చు. సెన్సర్ని క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, అడ్డంగా ఉన్న గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి వంపుగా బిగించాలి. లేదంటే పైపులో చేరిన నీటి చుక్కలు వేడి సెన్సర్ మీద పడి పింగాణీ పగులుతుంది. ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోలు బరువుల నిష్పత్తి) బదులు లాంబ్డాలో (ఆ నిష్పత్తిని సమతూకం అంకెతో భాగిస్తే వచ్చేది) చూడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మన బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు, దానికి సమతూకం 14.7 కాదు, సుమారు 13.5. వైడ్‌బ్యాండ్ అసలు కొలిచేది లాంబ్డానే, దాన్ని 14.7తో గుణించి ఏఎఫ్ఆర్‌గా చూపిస్తుంది. ఏ పెట్రోలుకైనా సమతూకం లాంబ్డా 1.

లెక్క ఒక్కటే: పాత వీఈని, కొలిచిన లాంబ్డాతో గుణించి, కావాల్సిన లాంబ్డాతో భాగించాలి. గడిలో 50 ఉండి, కొలిస్తే 1.10 వచ్చి, కావాల్సింది 1.00 అయితే కొత్త అంకె 55. మొదటి ముప్పై నలభై గడులైనా ఆటోట్యూన్ లేకుండా ఇలా చేత్తోనే చేయండి. కూలెంట్ 80 దాటాక, వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ (చల్లని ఇంజిన్‌కి ఇచ్చే అదనపు పెట్రోలు) కచ్చితంగా 100 శాతం దగ్గర ఉన్నప్పుడు, ఈజీఓ కరెక్షన్ (ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి పెట్రోలు సర్దడం) ఆపేసి, థ్రాటిల్ కదపకుండా కొన్ని సెకన్లు ఉంచి చదవండి. వార్మప్ పట్టికలో 80 డిగ్రీల దగ్గర 105 మిగిలిపోయిందంటే ఆ 5 శాతం టేబుల్‌లో కలిసిపోతుంది, వారం తర్వాత పట్టిక సరిచేశాక బండి మొత్తం లీన్ అవుతుంది. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌ని (యాక్సిలరేటర్ తొక్కగానే ఇచ్చే అదనపు పెట్రోలు) అన్నిటికంటే చివర్లో ముట్టుకోండి.

ఆటోట్యూన్ మంచి పనిముట్టే. చేత్తో నింపిన టేబుల్ దాదాపు సరిగా ఉన్నప్పుడు ఇచ్చే ఫలితం చాలా బాగుంటుంది, ఆ దశలో రిజిస్ట్రేషన్ డబ్బు దండగ కాదు. కానీ సెన్సర్‌కి ముందు పొగ గొట్టం జాయింటు దగ్గర బయటి గాలి లోపలికి చొరబడితే సెన్సర్ లీన్ అంటుంది, ఆటోట్యూన్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, కాలని గాలిలోని ఆక్సిజన్‌ని సెన్సర్ లీన్‌గానే చదువుతుంది. పక్క గడులతో పొంతన లేకుండా ఒక గడి ఎత్తుగా లేచిందంటే కారణం ఇంజిన్‌లో వెతకండి.

ఐడిల్‌లో హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ వేసి లాంబ్డా చూడండి. వోల్టేజి పడగానే లీన్‌కి జరిగితే ఇంజెక్టర్ డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) వోల్టేజి కరెక్షన్ తక్కువైంది. సాధారణంగా 14 వోల్ట్‌ల దగ్గర డెడ్ టైమ్ 1 మిల్లీసెకండ్ చుట్టుపక్కల ఉంటుంది, వోల్టేజి తగ్గేకొద్దీ పెరుగుతుంది.

స్పార్క్ టేబుల్‌కి ఆటోట్యూన్ లేదు. ఈ బోర్డులో నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) సెన్సర్ మీద ఆధారపడి టైమింగ్ పెంచుకుంటూ పోవడం కుదరదు. ఫుల్ లోడ్ గడుల్లో ఫ్యాక్టరీ అంకెల కంటే 3, 4 డిగ్రీలు తక్కువ పెట్టి, డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) దొరికేదాకా అలాగే వదిలేయడం నేర్చుకునేవాళ్ళు చేయగల తెలివైన పని.

ఇక లోపాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ని ఈ బోర్డు నడపదు, కేబుల్ థ్రాటిల్ ఉన్న పాత బండ్లకే. అనుబంధ పత్రాలు బాగున్నా చెల్లాచెదురుగా ఉంటాయి. ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రాం) మార్చినప్పుడల్లా ట్యూనర్ స్టూడియో ప్రాజెక్టులో ఐఎన్ఐ ఫైలు (ఏ అంకె ఎక్కడుందో చెప్పేది) కూడా మార్చాలి, సిగ్నేచర్ కలవలేదన్న హెచ్చరికని తోసేసి ముందుకెళ్తే అంకెలు ఒకదాని చోట ఇంకొకటి పడతాయి. మార్చే ముందు ట్యూన్ ఫైలుని తేదీ పేరుతో దాచుకోండి.

అన్నిటికంటే విసిగించేది ఇగ్నిషన్ నాయిస్. ఇంజిన్ స్టార్టవగానే యూఎస్‌బీ తెగిపోవడం, బోర్డు రీసెట్ కావడం మామూలు ఫిర్యాదు. మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. రెసిస్టర్ రకం ప్లగ్గులు వాడండి, పేరులో ఆర్ ఉంటుంది, బీపీఆర్6ఈఎస్ లాగా. క్రాంక్ పికప్‌కి షీల్డు వైరు వేసి, షీల్డుని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. సెన్సర్ల ఎర్త్‌లన్నీ ఈసీయూకే తిరిగి రావాలి, బాడీ మీద ఎక్కడపడితే అక్కడ కాదు. ఈసీయూ ఎర్త్ ఇంజిన్ బ్లాకుకి, పెయింటు గీకిన చోట.

రోజూ ఆఫీసుకెళ్ళే బండిలో దీన్ని పెట్టకండి, రెండో బండో షెడ్డులో ఉన్న ఇంజినో ఉంటేనే కొనండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదన్నదీ గుర్తుంచుకోవాలి. కొనేటప్పుడు సోల్డరింగ్ చేతికి అలవాటు లేకపోతే బిగించి పరీక్షించిన బోర్డే అడగండి. చౌక మెగాలలో యూఎస్‌బీకి సీహెచ్340 చిప్పు ఉంటుంది, దాని డ్రైవర్ వేసుకోకపోతే ల్యాప్‌టాప్‌కి బోర్డు కనిపించకపోవచ్చు, బోర్డు పాడైందనుకుని వెనక్కి పంపకండి.